దూడ నాకిన గోడ

“పేరు చెప్పమ్మే!” జవాను గోపాలయ్య మూడోసారి గద్దించాడు.

వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఆమె మొగుడు చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాడు. తాడు కొస బండి చక్రానికి ముడేశారు. అతని మోచేతుల దాకా గోడలకు పూసే ఎర్రజాజు ఎండి బీటలు వారింది.

“మొగుడి పేరు నా నోటితో ఎట్ట చెప్పేది జవానయ్యా?”

“కాగితం మీద ఇంటోళ్ళు చెప్పిన పేరు లేకుండా మనిషిని ఆత్మకూరు తీసకపోతే నా ఉద్యోగం పోతాది. చెప్పు.”

“ముందు సగం కొండమీద సామి ఊరిది. తర్వాత సగం దూడ తాగేది.”

గోపాలయ్య పెన్సిలు నాలికకు తడుపుకుని కాసేపు ఆలోచించాడు. “తిరు... పాలు. తిరుపాలు!”

వీధిలో మూగిన జనం గొల్లుమన్నారు. తిరుపాలుకు కూడా నవ్వు వచ్చింది గానీ, చెంప మీద పడ్డ దెబ్బ ఇంకా చురుక్కుమంటోంది.

“ఎద్దులు మేత తినేదాకా బండి కదలదు. అంతలోపల ఖాదర్ బాషా సాయిబు పొలం సన్నదు యాడ దాచినాడో చెప్పమను. లేదంటే నేరుగా ఆత్మకూరే. డిప్టీ కలెక్టరు మకాం ఆడనే ఉండాది, మా ఇనస్పెక్టరూ ఆడనే ఉండాడు. వాళ్ళు అడిగితే ఎట్టుంటాదో తెలుసు గదా?”

వరదమ్మకు తెలుసు. పోయినేడు ఇదే వీధి నుంచి ఒక మనిషిని గొర్రె దొంగతనం కింద ఆత్మకూరు తీసుకుపోయారు. గొర్రె దొరికింది. మనిషి తిరిగి రాలేదు.

ఆమె ఎద్దుల ముందున్న జొన్నచొప్ప కట్ట చూసింది. సగం అయిపోయింది. కొంగు నడుముకు దోపి, ఖాదర్ బాషా మిద్దెలోకి నడిచింది.

*

పదకొండు రోజుల కిందట ఆ మిద్దెలో పని మొదలైంది. ధాత ఏటి పెద్ద కరువు వెళ్ళి ఏడాది దాటినా ఉదయగిరిలో గోడలకు రంగు వేసుకున్న ఇల్లు అంతవరకు ఒక్కటీ లేదు. మొదట వరదమ్మను పిలిచింది ఖాదర్ బాషా భార్య మునీరా. రంజాను నెల వచ్చేలోపల ఇల్లంతా కళకళలాడాలంది. వసారాకూ పెరటి గోడకూ కాల్చిన ఇటుక రంగు కావాలంది. లోపలి గదికి కొత్త కుండ రంగు. గూళ్ళ చుట్టూ ముదురు జాజు పట్టె, దాని మీద సున్నంతో చుక్కలు.

ఇన్ని రంగులకూ రాయి ఒకటే. కొండ పక్క వాగు గట్టున తిరుపాలు తవ్వి తెచ్చే జాజురాయి. దాన్ని నూరి, గుడ్డలో వడగట్టి, పొడి చేసి ఆరబెడతారు. అందులో కొంచెం సున్నం కలిపితే కుండ రంగు, పసుపుపచ్చ గోపిమన్ను కలిపితే ఇటుక రంగు వస్తాయి. ఏ రంగయినా గోడను పట్టుకోవాలంటే జిగురు కావాలి. వరదమ్మ తుమ్మబంక వాడుతుంది. రాత్రి తన గుడిసెలో నానబెట్టి, పొద్దున ముంతలో తెచ్చి, పొడిలో కలిపి, ఈతమట్ట కుంచెతో పూస్తుంది. సాయంత్రం బంక ముంత చంకన పెట్టుకుని పోతుంది. పొడి మాత్రం వసారా మూల బానలోనే ఉంటుంది.

శనివారం లోపలి గదికి రంగు వేయాలని సామాను వసారాలోకి తెచ్చారు. అందులో ఒక చెక్కపెట్టె ఉంది. ఆ పెట్టెలో జానెడు వెదురు గొట్టం, గొట్టంలో సన్నదు. నవాబుల కాలం నాటి కాగితం. చెరువు కింద పొలానికి అదొక్కటే ఆధారం. ఆ పొలం వారసుల్లో ఎవరి పేరున ఉండాలన్న విచారణ మంగళవారం ఆత్మకూరులో ఉంది. అసలు సన్నదు ఎవరు చూపితే పొలం వాళ్ళ పేరున రాస్తారు.

శనివారమంతా ఆ పెట్టె పక్కన కూర్చుని పట్టెలు గీసింది తిరుపాలు.

ఈ పొద్దున, ఆదివారం, ప్రయాణానికని ఖాదర్ బాషా పెట్టె తెరిచాడు. గొట్టం లేదు. మనుషులు వెళ్ళి వరదమ్మ గుడిసె తిరగేశారు, కుండలు పగలగొట్టారు. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి ఎక్కడో పాతిపెట్టాడని తేల్చారు.

*

వరదమ్మ వసారాలోకి వచ్చేసరికి ఖాదర్ బాషా తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని చెల్లెలి భర్త అల్లాబకాష్ పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు. ఆత్మకూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చి పదిహేను రోజులయింది. తెల్లటి మనిషి, మాట మెత్తన.

“బావా, నువ్వు జవానుతో బయల్దేరు. నేను ఇక్కడే ఆడోళ్ళకు తోడుంటా. ఇల్లంతా ఇంకోసారి వెతుకుతా. దొరికితే గుర్రమెక్కి వచ్చేస్తా.”

“ఇల్లు మూడుసార్లు వెతికినాం గదా!”

“నాలుగోసారి వెతికితే తప్పేంది?”

వరదమ్మ గడప దగ్గరే ఆగింది. “సాయిబూ, మా ఆయన దొంగ గాదు.”

“నీ మొగుడు గాకపోతే ఇంకెవరమ్మే? ఇంట్లో పరాయోళ్ళు మీరిద్దరే.” ఖాదర్ బాషా గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ. “కరువులో కూడా ఆ పొలం అమ్మలేదు నేను. ఇద్దరు బిడ్డల్ని పూడ్చినా గానీ అమ్మలేదు. చెప్పు, యాడ పెట్టినాడు? చెప్తే కట్లు విప్పిస్తా. ఒట్టు.”

“తెలిస్తే చెప్పనా?”

“తెలియకుండా ఎట్టుంటాది!”

సరిగ్గా అప్పుడు లోపలి పెరట్లోంచి మునీరా అరిచింది. “ఛీ, పోయే! ఉండాదంతా నాకేస్తాంది ముండ! వరదమ్మా, నీ గోడ పాయ!”

అంత కష్టంలోనూ గోడ అన్న మాటకు వరదమ్మ కాళ్ళు అటే పోయాయి.

పెరటి వైపు గోడకు దూడ మూతి ఆనించి ఉంది. కరువు తర్వాత ఆ ఇంట్లో పుట్టిన మొదటి దూడ కాబట్టి దాన్ని కొట్టేవాళ్ళు లేరు. మోకాటి ఎత్తున ఒక్కచోటే, అరచేయి వెడల్పు మేర, సర్ సర్ మని నాకుతోంది. మూతి ఎర్రగా అయింది. మునీరా లాగితే రెండడుగులు వచ్చి, మళ్ళీ అక్కడికే పోయింది.

“ఇటు ఇంత గోడుంటే అక్కడే ఎందుకో దీనికి!” అంది మునీరా.

వరదమ్మకు కూడా అదే అనుమానం వచ్చింది. పదకొండు రోజులుగా ఈ దూడ ఆమె గోడల మధ్యే తిరుగుతోంది. తుమ్మబంక వగరు దానికి పడదు. ఒకసారి మూతి పెట్టి చీదుకుని పోయింది.

ఆమె వంగి చూసింది. దూడ నాకిన చోట పాత బొక్క ఉండాలి. వెనకటి పశువుల కట్టుగుంజ కరువులో పీకేశాక మిగిలిన బొక్క. దాన్ని మెత్తి రంగు వేయాలని శనివారం అనుకుని, పొద్దుపోయి వదిలేసింది. ఈ పొద్దున వచ్చి చూస్తే మెత్తి ఉంది. మొగుడు మెత్తాడనుకుంది. వెంటనే గొడవ మొదలైంది, అడగనే లేదు.

ఆమె పెరటి తడిక మీదుగా వీధిలోకి కేకేసింది. “మామా! పెరట్లో గుంజ బొక్క నువ్వేనా మూసింది?”

“నువ్వు గదా మూసింది!” చక్రం దగ్గర్నుంచి తిరుపాలు అరిచాడు.

వరదమ్మ పక్కనున్న పార పిడితో ఆ మెత్తు మీద ఒక్క పోటు పొడిచింది. తడి ఆరని మన్ను పెచ్చుగా ఊడింది. లోపల వెదురు తళుక్కుమంది.

*

రెండు నిమిషాల్లో పెరడంతా జనం. ఖాదర్ బాషా గొట్టం మూత తీసి, సన్నదు విప్పి, కళ్ళకద్దుకున్నాడు. వరదమ్మ ఊపిరి పీల్చుకుంది.

“ఇంక మా ఆయన కట్లు విప్పండి.”

గోపాలయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. “విప్పేదేంది? ఇంకో తాడు తేవాల. నీక్కూడా.”

“నాకా!”

“గోడలో దాచి పైన జాజు పూసినారు. ఆ ఇద్య ఈ ఊళ్ళో ఎవరికొస్తాది? మీ ఇద్దరికే గదా! దొరికిపోతామని తెలిసి నువ్వే తీసిచ్చినావు.”

“అదే నేనూ అనుకుంటాండా,” అన్నాడు అల్లాబకాష్ మెల్లగా. “పాపం, పొట్టకూటి కోసం చేసుంటారు. సొమ్ము దొరికింది గదా, ఎక్కువ కొట్టకండి.”

ఖాదర్ బాషా సన్నదును చుట్టి రొమ్ముకు హత్తుకున్నాడు. గోపాలయ్య రెండో తాడుకు మనిషిని పంపాడు. వీధిలో బండివాడు ఎద్దుల్ని లేపుతున్న చప్పుడు వినిపించింది.

వరదమ్మ కింద పడ్డ పెచ్చు ఒకటి తీసింది. రంగు సరిపోయింది, ఇటుక రంగే. వేలితో గీకింది. పొడి రాలలేదు, పలచటి పొరలా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన. నాలిక కొసతో తాకింది.

తాకగానే ఆమె ముఖం మారిపోయింది.

“జవానయ్యా, ఇది నేను పూసిన జాజు గాదు.”

“ఎర్రగానే ఉండాదే!”

“ఎర్రదనం రాతిది. పట్టుకునేది జిగురు. దీంట్లో ఉండాది గంజి. దూడ నాకింది దానికే.”

“ఐతే ఏంది?”

“ఏందా?” వరదమ్మ గొంతు పెరిగింది. “మా అమ్మ గంజే కలిపేది. నేనూ గంజే కలిపినా, పెండ్లయిన కాడ్నించి. ధాత కరువులో దొరతనమోళ్ళ గంజితొట్టి కాడ వరసలో నిలబడినాం, నేనూ నా కూతురూ. మా ముందర పద్నాలుగు మంది ఉండారు. మా వంతు వచ్చే లోపల ఆ బిడ్డ నా కాళ్ళ మీద పడిపోయింది. ఆ తర్వాత గంజి గోడకు పూసే చెయ్యి గాదు నాది. నాదే గాదు, ఈ ఊళ్ళో అడగండి. ఏ ఇంట్లో అయినా, ఏ ఆడదయినా, గంజి గోడకు పూస్తాదేమో అడగండి!”

జనంలో ఒక ముసలాయన “పూయరు” అని గొణిగాడు. తాడు తెచ్చిన మనిషి దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

గోపాలయ్య గొంతు సవరించుకున్నాడు. అతనూ ఆ కరువు చూసినవాడే. “అదంతా నిజమే గానీ, మాట మీద వదలలేను గదా. మీ ఆయన కావాలనే గంజి కలిపినాడని ఇనస్పెక్టరు అంటే?”

“బంక ముంత పక్కనే ఉండగా గంజి ఎందుకు ఎతుక్కుంటాడు? శనివారం పొద్దుగూకేదాకా ముంత ఆయన ముందరే ఉండాది. మేం పోతా పోతా తీసకపోయినాం. మేం పోయినాక ఇక్కడ మిగిలింది ఒట్టి పొడి. జిగురు లేనోడు గంజి ఎతుక్కున్నాడు.” ఆమె మునీరా వైపు తిరిగింది. “బీబమ్మా, శనివారం మీ ఇంట్లో అన్నం ఎప్పుడు వండినారు?”

మునీరా తటపటాయించింది. “మేం సద్దసంకటే గదా తినేది. బియ్యం ఆత్మకూరు అన్నకే. దీపాలు పెట్టే వేళకు వార్చినా. మీరు అప్పటికే పోయినారు.”

“వార్చిన గంజి?”

“రోజూ అత్తకే ఇస్తా. ఆమెకు పళ్ళు లేవు గదా.”

అందరి కళ్ళూ లోపలి గది గుమ్మానికి కట్టిన పరదా మీదికి పోయాయి. దాని వెనక ఖాదర్ బాషా తల్లి మస్తాన్బీ ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

“అమ్మా,” అన్నాడు ఖాదర్ బాషా. “శనివారం గంజి తాగినావా?”

పరదా అంచును ఒక ముడతల చెయ్యి లోపలికి లాక్కుంది.

“అమ్మా!”

“లేదు నాయనా.”

“మరి గిన్నె ఏమైంది?”

“గూట్లో మూతపెట్టి నమాజుకు కూర్చున్నా. లేచేసరికి గిన్నె ఖాళీ. అడిగితే పిల్లి తాగిందన్నారు.”

“ఎవరన్నారు?”

“ఆత్మకూరు ఆయన.”

అల్లాబకాష్ నవ్వాడు. “అవును, నేనే అన్నా. నల్లపిల్లి. గోడ దూకి పోయింది. చూసినా గాబట్టి చెప్పినా, అదీ తప్పేనా?”

ఆ మాటకు జనంలో గుసగుసలు లేచాయి. గోపాలయ్య కూడా తల ఎత్తాడు. అల్లాబకాష్ చుట్టూ చూశాడు, ఏం తప్పు మాట్లాడాడో అతనికి అర్థం కాలేదు.

మునీరా చెప్పింది. “అన్నా, ఈ వీధిలో పిల్లులు లేవు.”

“లేకపోవడమేంది?”

“కరువులో పోయినాయి. ఎట్ట పోయినాయో అడగొద్దు. అప్పట్నించి ఒక్క పిల్లి రాలేదు ఈ పక్కకు. నీకు తెలీదులే. నువ్వు అప్పుడు పెన్న గట్టున వడ్ల గోదాము తాళాలు పెట్టుకోనుండావు.”

అల్లాబకాష్ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

వరదమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పని మొదలైన రెండో రోజు ఇతనే వసారాలో పడక్కుర్చీలో కూర్చుని అన్నాడు: “మీ గోడల్లో మెరుపు లేదు వరదమ్మా. మా ఆత్మకూరులో ఇంత గంజి పోస్తాం, అద్దమే అనుకో.” ఆమె ఆ రోజు జవాబు చెప్పకుండా గుడ్డలో జాజు వడగట్టుకుంది. ఇప్పుడు ఆ మాట అందరి ముందూ చెప్పింది, ఒక్క అక్షరం మార్చకుండా.

“అబద్ధం!” అన్నాడు అల్లాబకాష్. మెత్తదనం పోయింది. “బావా, కూలిదాని మాట పట్టుకోని నన్ను నిలబెడతావా? నీ చెల్లెలి మొగుణ్ణి!”

ఖాదర్ బాషా సన్నదు వైపు చూశాడు. తర్వాత బావమరిది వైపు. “మంగళవారం ఇది నేను చూపలేక, నువ్వు చూపితే హక్కు ఎవరికి పోతాదో నాకిప్పుడు గుర్తొస్తాంది. నా చెల్లెలికి. అంటే నీకు. నేను బండెక్కి పోయినాక ఇంట్లో ఉండి నాలుగోసారి ఎతుకుతానంటివి గదా.”

“అనుమానం మీద మాట్లాడొద్దు! నన్ను చూసినోళ్ళు ఎవరు? ఒక్కరు చూసినామని చెప్పమను!”

గోపాలయ్య కాగితం మీద తిరుపాలు పేరును చూస్తూ పెన్సిలు చెవిలో దోపుకున్నాడు. “చూసినోళ్ళు లేకపోతే కష్టమే సాయిబూ. గంజి, పిల్లి, ఇయ్యన్నీ కాగితం మీద నిలబడవు. ఇంటి మనిషి ఒకరు సాక్ష్యం చెప్పాల. లేదంటే ఈ మొగుడూ పెళ్ళాలను తీసకపోవాల్సిందే. ఆత్మకూరులో వాళ్ళే తేల్చుకుంటారు.”

వీధిలో బండివాడు కేకేశాడు. “అయ్యా, ఎద్దులు కట్టినా!”

వరదమ్మ పరదా ముందుకు నడిచి నేల మీద కూర్చుంది. “పెద్దమ్మా, మీరు నమాజు చేసుకునే గదికి ఆ పెరటి గోడ కనపడే కిటికీ ఉండాది. నేనే దాని చుట్టూ పట్టె గీసినా. మీరు చూసింటే చెప్పండి. చూడకపోతే చూడలేదనండి. నేను లేచి పోతా.”

పరదా కదిలింది. దాని వెనక మస్తాన్బీ నిలబడినట్టు నీడ పొడవైంది.

“చూసినా,” అంది. “నమాజు చివర సలాం చెప్పి తల తిప్పినప్పుడు చూసినా. దీపం పట్టుకోని వంగి గోడకు పూస్తాండాడు. కొత్తరంగు కదా, ముచ్చటపడి తనూ చెయ్యేస్తాండాడు అనుకున్నా. పొద్దున గొట్టం పోయిందన్నప్పుడు తెలిసింది. నోరు మూసుకున్నా. నా బిడ్డ ఆ ఇంట్లో బతకాల గదా.”

అల్లాబకాష్ ఒకడుగు వెనక్కి వేశాడు. అతని వెనక దూడ అడ్డం వచ్చింది.

“ఎవరు పెద్దమ్మా?” గోపాలయ్య పెన్సిలు తీశాడు. “ఎవరు పూస్తాండారు?”

“ఆయనే. ఆత్మకూరు ఆయన.”

“ఆత్మకూరులో వెయ్యిమంది ఉండారమ్మా. పేరు కావాల.”

బిడ్డ పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మస్తాన్బీ అల్లుడి పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. ఎదురుగా రానూ లేదు. పేరు పలికితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపటి నుంచి బిడ్డ ముఖం చూడగలదో లేదో ఆమెకు తెలియదు. ఆ ఇబ్బంది ఎలాంటిదో వరదమ్మకు మాత్రం తెలుసు. ఇందాకే వీధిలో అనుభవించింది. అందుకే తొందర పెట్టలేదు.

“వరదమ్మా,” అంది మస్తాన్బీ లోపలి నుంచి.

“ఆ, పెద్దమ్మా.”

“నీ బిడ్డ పేరేంది? గంజితొట్టి కాడ పోయిన బిడ్డ.”

“కామమ్మ.”

“ఎన్నేండ్లు?”

“ఆరు.”

పరదా పక్కకు తొలిగింది. తెల్ల ముసుగు కింద ముడతల ముఖం, పొడిగా ఉన్న కళ్ళు. ఆమె గడప దాటి వెలుతురులోకి వచ్చి, పరాయి మగవాళ్ళందరి ముందూ చేయి చాచి వేలు చూపింది.

“రాసుకో జవానూ. గంజి తీసిందీ, గొట్టం దాచిందీ, గోడకు పూసిందీ నా అల్లుడు. అల్లాబకాష్.”